గొడుగు ఊచల మీద చిన్న లైను

టెక్కలి చుట్టుపక్కల రైతులకు తిరుమలరావు మోటారు వైండింగ్ కొట్టు బాగా తెలుసు. కాలిపోయిన పంపుసెట్టు అతని దగ్గర దించితే రెండో రోజుకి మళ్ళీ నీళ్ళు తోడుతుందని నమ్మకం. ఎదుట పనిమంతుడనే అనేవారు. వెనకాల మాత్రం అందరికీ అతను "బొమ్మల తిరుమల". ఆ మాట చెవిన పడనట్టు ఉండడం అలవాటు చేసుకున్నాడు కానీ, పడిన ప్రతిసారీ మొహం మాడిపోయేది. బావమరిది పెళ్ళి భోజనాల దగ్గర స్వయానా మామగారే "మా అల్లుడికి నలభై దాటినా బొమ్మలాట మానలేదర్రా" అని పదిమందిలో నవ్వాడు. తిరుమలరావు కూడా నవ్వి, పెరుగన్నం వదిలేసి లేచాడు.

బొమ్మ అంటే రైలు. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూరు దాకా ఒకప్పుడు నడిచిన చిన్న రైలు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే గనక జనం దాన్ని చిన్న లైను అనేవారు. చిన్నతనంలో తిరుమలరావు ఆ రైల్లోనే పాతపట్నంలో ఉన్న మేనత్త ఇంటికి వెళ్ళేవాడు. 2004లో ఆ రైలు ఆపేసి, పెద్ద లైను వేయడానికి పాత పట్టాలు పీకేశారు. పీకుతున్న చోటికి వెళ్ళి చూసొచ్చి తిరుమలరావు రెండు రోజులు కొట్టు తీయలేదు. మూడో రోజు ఇంట్లో విరిగిన గొడుగు ఒకటి విప్పి, ఊచలు రెండు నేల మీద పక్కపక్కన పెట్టి చూశాడు. అచ్చం పట్టాల్లాగే ఉన్నాయి.

అలా మొదలైంది. పెరట్లో రేకుల షెడ్డు వేశాడు. ప్లైవుడ్ బల్లలు వరసగా కలిపి, వెదురు ముక్కలు స్లీపర్లుగా పరిచి, వాటి మీద గొడుగు ఊచలు బిగించి, అతుకులకు టంకం పెట్టాడు. ఊళ్ళో గొడుగులు బాగుచేసే ముసలాయన దగ్గర పాత ఊచలన్నీ ఇతనికే. ఇంజను బాయిలరు పౌడరు డబ్బా. చక్రాలు లేతు కొట్టులో ఇత్తడితో తిప్పించాడు. లోపల పాత టేపురికార్డరు మోటారు. పన్నెండు వోల్టుల కరెంటు ఒక ఊచలోంచి వచ్చి, చక్రాల మీదుగా మోటారు తిప్పి, రెండో ఊచలోంచి తిరిగి పోతుంది. రైలు నడిచింది. మలుపుల్లో పడిపోయేది, అతుకుల దగ్గర ఆగిపోయేది, అయినా నడిచింది.

భార్య ఈశ్వరికి ఆ షెడ్డంటే మంట. "ఆ రేకుల కింద గేదిని కట్టినా పూటకి రెండు లీటర్లు పాలిచ్చును. నీ బండి ఏటిస్తాది?" అనేది.  తిరుమలరావుకీ ఒక అసంతృప్తి ఉంది. రైలు నడుస్తోంది గానీ, అది తన చిన్నప్పటి రైలులా లేదు. ఎక్కడ తేడా వచ్చిందో తెలియడం లేదు. ఫోటోలు దొరకలేదు. అడిగితే చెప్పేవాళ్ళు లేరు.

చెప్పేవాడు 2011లో దొరికాడు. పెద్ద లైను పూర్తయి కొత్త రైలు వచ్చిన రోజు, టెక్కలి స్టేషన్లో జనం కొబ్బరికాయలు కొడుతున్నారు. తిరుమలరావు తన ఇంజన్ని గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్ళాడు. ఎవరికి చూపిద్దామనుకున్నాడో అతనికే తెలియదు. ప్లాట్‌ఫారం చివర బల్ల మీద ఒక ముసలాయన రైలుకి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. పక్కన చోటుంటే తిరుమలరావు కూర్చున్నాడు. సంచిలోంచి పొగగొట్టం బయటికి పొడుచుకొచ్చింది.

"అదేటిరా?" అన్నాడు ముసలాయన.

"మన చిన్న లైను ఇంజనండి. నానే సేసినాను."

ఆయన దాన్ని రెండు చేతులా అందుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఏ లైను ఇంజనూ కాదు. పొగ్గొట్టం ముందుకుండాల. నువ్వు నడుంలో పెట్టినావు. డ్రైవరు నిలబడీ సోటు సంటిపిల్ల కూడా పట్టదు. ఇలాటిది తోల్తే నాను మొదటి వంతెన కాడే గెడ్డలో పడుందును."

ఆయన పేరు జగన్నాధం. చిన్న లైను మీద ముప్పై ఒక్క ఏళ్ళు ఫైర్‌మన్‌గా, డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆ వారమే షెడ్డుకి వచ్చాడు. బల్లల చుట్టూ రెండుసార్లు తిరిగి, "నీ సేతులు బాగున్నాయిరా అల్లుడా, నీకు లైను తెలీదు" అన్నాడు. ఆ క్షణాన తిరుమలరావుకి ఏడేళ్ళుగా మోస్తున్న బరువేదో ఎవరో ఇంకో పక్క పట్టుకున్నట్టయింది.

తర్వాత మూడున్నరేళ్ళూ అతని బతుకులో మంచి కాలం. ప్రతి ఆదివారం పది గంటలకు జగన్నాధం ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చేవాడు. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని లైను చెప్పేవాడు. ఏ స్టేషన్లో నీళ్ళ గొట్టం ఏ పక్క, ఏ గేటు దగ్గర చింతచెట్టు, ఎక్కడ ఎత్తు మొదలై ఇంజను ఆయాసపడుతుంది, ఏ మలుపులో పశువులుంటాయని ఈల ముందే వేయాలి, అన్నీ. తిరుమలరావు కట్టేవాడు. తప్పయితే విప్పేవాడు. ఒక్క టెంబూరు స్టేషను నాలుగుసార్లు విప్పాడు. జగన్నాధానికి చూపు తగ్గుతోంది, వేళ్ళతో తడిమి చూసి, "ఆఁ, ఇదీ!" అన్నప్పుడే ఆ పని అయినట్టు.

నౌపడా దగ్గర ఉప్పుమళ్ళు కట్టినప్పుడు, నిజమైన ఉప్పే కావాలని పెద్దాయన పట్టుబట్టాడు. వెళ్ళి మూటెడు తెచ్చాడు కూడా. అద్దం ముక్కల మధ్య తెల్లగా కుప్పలు పోస్తే చూడ ముచ్చటగా ఉంది. వానలు పట్టగానే ఆ ఉప్పు చెమర్చి, పక్కనున్న ఊచలన్నీ తుప్పు పట్టి, రైలు నౌపడాలోంచి కదలనని మొరాయించింది. తిరుమలరావు వారం రోజులు కిరసనాయిలు, గరుకు కాగితం పట్టుకుని పట్టాలు రుద్ది, ఉప్పు తీసేసి ముగ్గుపిండి పోశాడు. ఆదివారం జగన్నాధం వేలితో అద్ది నాలిక మీద పెట్టుకున్నాడు.

"థూ! ముగ్గురా ఇది! నౌపడాలో ముగ్గు పండిస్తన్నావేటి?"

"ఉప్పయితే బండి నడవదు మావా."

"మా బండి నూరేళ్ళు ఉప్పు మీదే నడిసింది" అని, ఆపుకోలేక పగలబడి నవ్వాడు. టీ తెచ్చిన ఈశ్వరి కూడా గుమ్మంలో నిలబడి నవ్వింది. ఆమె ఆ షెడ్డులో నవ్వడం అదే మొదలు.

పని లేని ఆదివారాలు వాళ్ళు ఊరికే రైలు నడిపేవారు. పాత టైంటేబులు పెద్దాయనకు నోటికి వచ్చు. చేతిలో గడియారం పట్టుకుని "టెక్కలి, రైట్!" అనేవాడు, తిరుమలరావు స్విచ్చి తిప్పేవాడు. అప్పుడప్పుడూ జగన్నాధం కూతురు దుర్గ టిఫిన్ కొట్టు మూసి, తండ్రిని తీసుకెళ్ళడానికి వచ్చేది. భర్త పోయాక ఆమె తండ్రి దగ్గరే ఉంటోంది. "తిరుమల బావా, మా నాన్నకి ఇంట్లో ఇన్ని మాటలు రావు. నీ కాడే దాసుకుంటాడు" అనేది.

2015 ఫిబ్రవరిలో విజయనగరం దాటాక ఒక ఇంజనీరింగు కాలేజీ వాళ్ళు ప్రదర్శన పెట్టి, చేతిపని తెలిసినవాళ్ళని కూడా పిలిచారు. ఎవరో చెప్పగా తిరుమలరావుకి కబురొచ్చింది. నౌపడా నుంచి టెంబూరు దాకా బల్లలు విడదీసి మినీ వ్యానులో ఎక్కించారు. జగన్నాధం పెట్టె అడుగునుంచి పాత డ్యూటీ కోటు తీసి ఇస్త్రీ చేయించుకున్నాడు. కోటు వదులైపోయింది. గుండీలన్నీ పెట్టుకుని, పచ్చజెండా చుట్టి చంకలో పెట్టుకుని, బల్ల చివర నిలబడ్డాడు.

జనం విరగబడ్డారు. పిల్లలే కాదు, పంతుళ్ళు కూడా వంగి వంగి చూశారు. "అమ్మో, గేటు కూడా పడుతోందే!" అన్నారు. ఫోన్లలో ఫోటోలు తీశారు. బొమ్మల తిరుమలని ఆ రోజు అందరూ "సార్" అన్నారు. మధ్యాహ్నం ముఖ్య అతిథి వచ్చాడు. వెనకాల కాలేజీ పెద్దలు, పేపరు వాళ్ళు. రైలు టెంబూరు దాకా పోయి తిరిగి వచ్చేదాకా ఆయన కదలకుండా చూశాడు.

"అద్భుతం. ఇదంతా మీరొక్కరే చేశారా?"

నోరు తెరిచే ముందు తిరుమలరావుకి ఒక్క క్షణం దొరికింది. అందరూ అతని మొహం వైపే చూస్తున్నారు. మామగారి నవ్వు గుర్తొచ్చింది. పదకొండేళ్ళుగా వీపు మీద పడిన మాటలన్నీ గుర్తొచ్చాయి.

"నానొక్కణ్నే సార్" అన్నాడు.

"మరి ఈ పెద్దాయన?"

"మా ఊరాయనండి. సూస్తానంటే తీసుకొచ్చినాను."

జగన్నాధం అడుగు దూరంలోనే ఉన్నాడు. కళ్ళకు తక్కువ కనిపించినా చెవులు బాగానే పనిచేస్తాయి. ముఖ్య అతిథి ఆయనకు నమస్కారం పెట్టాడు. ఆయన తిరిగి పెట్టాడు. తర్వాత జెండా కర్ర చుట్టూ గుడ్డ ఇంకాస్త బిగించి చుట్టుకున్నాడు, అంతే. తిరుమలరావుకి శాలువా కప్పారు. ఫోటో తీసేటప్పుడు కాలేజీ కుర్రాడొకడు "తాతగారూ, కొంచెం పక్కకి" అంటే పెద్దాయన పక్కకి జరిగాడు.

తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో చోటున్నా జగన్నాధం వెనకే కూర్చున్నాడు. గతుకులకు బల్లలు కదలకుండా టెక్కలి దాకా రెండు చేతులతో పట్టుకున్నాడు. దిగాక, "బద్రంగా దించు. ఈ బల్ల కాలు వదులైపోనాది" అని చెప్పి ఇంటికి నడిచాడు.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. ఒంటరి కృషి అని శీర్షిక. ఈశ్వరి దాన్ని చదివి మడిచి పెట్టింది. "మావ పేరు లేదేటి?" అంది. "పేపరోళ్ళు ఏటి రాస్తారో మనకి తెలుస్తాదా" అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

ఆ ఆదివారం జగన్నాధం రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. నాలుగో వారం తిరుమలరావే వెళ్ళాడు. పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. దారి పొడవునా తిరుమలరావు ఒక మాట కూర్చుకున్నాడు. తప్పయిపోయింది మావా, కాళ్ళు పట్టుకుంటాను అని. తీరా ఎదుట కూర్చున్నాక, దానికి బదులు పని మాట ఎత్తాడు.

"టెంబూరు దాటినాక పాతపట్నం కాడికి ఎత్తు ఎంతుంటాది మావా? మొదలెడదామనుకుంతన్నాను."

జగన్నాధం వీధి వైపు మొహం తిప్పాడు. "నువ్వొక్కడివే కట్టినావు కదరా. మిగిల్నాది కూడా కట్టు" అన్నాడు. గొంతులో కోపం లేదు. లోపలికి తిరిగి, "దుర్గా, ఈడికి టీ ఇయ్యే" అన్నాడు.

టీ తాగి వచ్చేశాడు. దారిలో సిగ్గు సగం దూరమే వచ్చింది. మిగతా సగం కోపం వచ్చింది. మూడేళ్ళు కుర్చీలో కూర్చుని చెప్పాడు గానీ, ఒక్క ఊచకి టంకం పెట్టాడా? చేతులు కాల్చుకుంది ఎవరు? అలా రెండు మూడుసార్లు అనుకుంటే అది నిజంలాగే ఉంది. అనుకుంటూనే రెండేళ్ళు గడిపాడు. మళ్ళీ ఆ అరుగు ఎక్కలేదు.

పాతపట్నం లైను తన ఊహతో కట్టాడు. అందంగానే వచ్చింది. కానీ చూడ్డానికొచ్చిన వాళ్ళలో ఆ దారిన తిరిగిన ముసలివాళ్ళు ఉండేవారు. "ఇక్కడ వంతెన లేదే నాయనా" అని ఒకరు, "స్టేషను ఆ పక్క కదా" అని ఇంకొకరు. విప్పి మళ్ళీ కట్టడానికి ఏది ఒప్పో చెప్పేవాళ్ళు లేరు. వంతెన అలాగే ఉండిపోయింది. ఆదివారాలు రైలు నడుపుతూ ఒక్కోసారి "టెక్కలి, రైట్" అని తనే అనుకునేవాడు. ఆ మాట తన గొంతులో వింటే ఏదోలా ఉండి, స్విచ్చి ఆపేసేవాడు.

2017 సెప్టెంబరులో జగన్నాధం పోయాడని తెలిసింది. తిరుమలరావు కొట్టు మూసి, ఇంజన్ని తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళాడు. శవం కాళ్ళ దగ్గర కాసేపు పెట్టాలని. పందిట్లోకి అడుగు పెట్టబోతుంటే దుర్గ ఎదురొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. తువ్వాలు చూడగానే అందులో ఏముందో ఆమెకు అర్థమైంది.

"అది లోపలికి తేకండి తిరుమలరావు గారూ" అంది.

బావా అనలేదు. ఊరివాళ్ళు తలలు తిప్పి చూశారు. తిరుమలరావు వెనక్కి వచ్చి, వీధికి అవతల ఇంజను చంకలో పెట్టుకుని, పాడె లేచేదాకా నిలబడ్డాడు. వచ్చిపోయే వాళ్ళు ఒకరిద్దరు "రైలు తెచ్చినావేటి?" అని అడిగారు కూడా.

ఆ తర్వాత షెడ్డుకి ఎవరొచ్చినా మొదటే చెప్పేవాడు: "ఇది నాదొక్కడిదీ కాదండి. జగన్నాధం గారని డ్రైవరు. లైనంతా ఆయన సెప్పిందే." వచ్చినవాళ్ళు తలూపి, ఫోన్లో రైలు ఫోటో తీసుకునేవారు. ఒక పేపరు విలేఖరి వస్తే, ఆయన పేరు తప్పకుండా వేయమని రెండు చేతులూ పట్టుకుని అడిగాడు. "పోయినాయన గురించి రాస్తే ఎవరు చదువుతారండీ, మీ గురించి చెప్పండి" అన్నాడతను. వచ్చిన ముక్కలో మళ్ళీ తిరుమలరావు ఒక్కడే ఉన్నాడు. ఒకరోజు అందరి ముందూ తను చెప్పిన అబద్ధం, ఇప్పుడు ఎన్ని నిజాలు చెప్పినా చెక్కు చెదరడం లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. తెల్లవారుజామున షెడ్డు రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే ఈశ్వరి అతన్ని బయటికి పోనివ్వకుండా నడుం పట్టుకుంది. "పోతే పోనీ! నువ్వు పోతే నానేటి సెయ్యాల?" అని అరిచింది. గాలి తగ్గాక చూస్తే పక్కింటి కొబ్బరిచెట్టు బల్లల మీద అడ్డంగా పడి ఉంది. ప్లైవుడ్ నాని పొరలు పొరలుగా విడిపోయింది. ఊచలు వంకర్లు తిరిగాయి. టెంబూరు స్టేషను ఎక్కడుందో పోల్చుకోలేకపోయాడు. ఇంజను దొరికింది, చెట్టు కింద అణిగి రేకుముక్కలా ఉంది.

దాని కోసం కూర్చుని ఏడవడానికి కూడా తీరలేదు. ఊళ్ళన్నిట్లో మోటార్లు తడిసి పాడైపోయాయి. జనం బళ్ళ మీద వేసుకొచ్చి కొట్టు ముందు వరస కట్టారు. జీవితంలో ఎన్నడూ లేనంత పని వచ్చింది. కరెంటు లేక జనరేటరు పెట్టుకుని పగలంతా రాగితీగ చుట్టాడు. షెడ్డు అలాగే వదిలేశాడు. ఈశ్వరే చెట్టు కొట్టించి, విరిగిన బల్లలు పొయ్యిలోకి వాడింది.

పది రోజుల తర్వాత దుర్గ వచ్చింది. టిఫిన్ కొట్టులో గ్రైండరు మోటారు నీళ్ళలో మునిగిందట. వైండింగ్ చేసేవాళ్ళు దగ్గర్లో ఇంకెవరూ లేరు గనక వచ్చానని ముందే చెప్పింది. తిరుమలరావు మిగతా పనులు పక్కన పెట్టి ఆమెది విప్పాడు. ఆమె స్టూలు మీద కూర్చుని అతని చేతుల వైపు చూస్తూ అడిగింది.

"మీ రైలు పోయిందంట?"

"పోనాది."

"మళ్ళీ కడతారా?"

"నాకు లైను తెలీదు దుర్గా."

 ఆమె ఎవరి సంగతో చెప్తున్నట్టు మెల్లగా చెప్పింది. "మా నాన్న సచ్చీదాకా ప్రతి ఆదివారం పదింటికి సొక్కా తొడుక్కునీవోడు. ఎక్కడికి నాన్నా అంటే ఎక్కడికీ కాదనీవోడు. ఒంటిగంటకి ఇప్పేసి అన్నానికి కూకునీవోడు. మీరు ఇంకోసారి వస్తారని సూసినాడు. ఒక్కసారొచ్చి ఆగిపోనారు కదా; రెండోసారొస్తే ఎల్దామనుకున్నాడు. నాతోటి అన్నాడు."

తిరుమలరావు చేతిలో తీగ ఆగిపోయింది.

"మీ పాతపట్నం లైను ఫోటో పేపర్లో పడితే కళ్ళకాడ పెట్టుకుని సూసినాడు. వంతెన తప్పెట్టినాడే, ఎల్లి సెప్పనా అన్నాడు. నానే వద్దన్నాను. నిన్ను ఊరికే సూడ్డానికొచ్చినోడని సెప్పినోడి కాడికి ఏ మొకం పెట్టుకుని ఎల్తావని తిట్టినాను. ఊరుకున్నాడు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ రైలు ఇరిగిపోయిందని తెలిస్తే మీకు తగిన శాస్తి జరిగిందని నాకు సంతోషంగుండాల. మా నాన్నుంటే ఏడిసీవోడు. అదే తలుసుకుంటే కడుపు మండతన్నాది."

అతను ఏదో అనబోయాడు. దుర్గ చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దండి. ఇప్పుడు నాతో సెప్తే ఏటి లాభం? మోటారు సూడండి. రేపు పొద్దున్న ఇడ్లీపిండి రుబ్బాల."

తిరుమలరావు తల వంచుకుని మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. రెండుసార్లు చుట్ల లెక్క తప్పి, చుట్టింది విప్పి మొదటికొచ్చాడు. పొద్దు వాలేవేళకు మోటారు తిరిగింది. ఆటో దాకా మోసిపెడతానంటే దుర్గ వద్దంది. బరువుకు ఒక పక్కకి ఒరుగుతూ తనే ఎత్తుకుని పోయింది. గుమ్మం బయట వరసలో ఉన్న రైతు తన పంపుసెట్టు లోపలికి దొర్లించి, "ఇంక నాది సూడు బాబూ" అన్నాడు.